పింఛనుదాకా ఆగిన నవల

"ఉద్యోగం అయిపోనీ, ఆ తర్వాత రాత తప్ప వేరే పని పెట్టుకోను." మన జిల్లాల్లో పంతుళ్ళూ గుమాస్తాలూ అయిన రచయితల నోట ఈ మాట విన్నన్నిసార్లు నేను మరే మాటా విని ఉండను. నేనూ అంటున్నాను. పరకాలలో పాఠాలు చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. సర్వీసు ఇక ఎంతో లేదు. అది ముగిశాక పూర్తికాలం నవలలు రాయాలని ఒక పథకం ఉంది. మొదటి నవలకు వస్తువు కూడా నిర్ణయమైంది. 1947 సెప్టెంబరు 2న జెండా ఎగరేయబోయిన జనం మీద ఈ ఊళ్ళో జరిగిన కాల్పులు. అయితే ఇది నా ఒక్కడి పథకం కాదు. విరమణ తర్వాత నవల అనే ఊహకు ఒక చరిత్ర ఉంది. దాని కింద ఒక ఆర్థిక పునాది ఉంది, దానికొక వర్గ స్వభావం ఉంది, మన ప్రాంతంలోనే పేరు పెట్టి చెప్పదగిన ఉదాహరణలు ఉన్నాయి. అవి ఏమి చెబుతున్నాయో చూడకుండా కాగితం దస్తాలు కొనిపెట్టుకోవడం తెలివైన పని కాదు.

విరమణ అనే మాటకు అర్థం రావాలంటే ముందు నెలజీతం ఉండాలి. సేద్యగాడికి విరమణ లేదు. కాళ్ళు ఆడినన్నాళ్ళు చేను, ఆడనినాడు నులకమంచం. బీడీలు చుట్టే ఆడమనిషికి లేదు, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చునే మనిషికి లేదు. కాబట్టి "తర్వాత రాస్తాను" అనగలగడమే ఒక తరగతికి దక్కిన సదుపాయం. భారతీయ నవల పుట్టుకలోనే ఈ సంగతి ఇమిడి ఉంది. బంకించంద్రుడు 1858లో డిప్యూటీ మేజిస్ట్రేటుగా చేరి 1891లో విరమించాడు, 1894లో చనిపోయాడు. ఆయన నవలలన్నీ కచేరీ కాగితాల మధ్య పుట్టినవే. పింఛను తిన్న మూడేళ్ళలో పాతవాటిని సవరించుకున్నాడు గాని కొత్త నవల రాలేదు. మన దగ్గర 1878 నాటి 'రాజశేఖర చరిత్ర' కర్త వీరేశలింగం బడిపంతులు. విశ్వనాథ 'వేయిపడగలు' నవలను ఇరవై తొమ్మిది రోజుల్లో తమ్ముడికి చెప్పి రాయించాడన్నది అందరికీ తెలిసిన ముచ్చటే. ఆ నవల ఏ వ్యవస్థ కూలిపోతున్నదని కన్నీరు పెట్టుకుందో మన పత్రికల్లో చాలాసార్లు చర్చకు వచ్చింది, మళ్ళీ తవ్వను. వెయ్యి పేజీల నవల కూడా విరమణ దాకా ఆగనక్కరలేదన్నది మాత్రమే ఇక్కడ మనకు కావలసిన సంగతి.

ఉద్యోగం అయిపోయేదాకా ఆగనివాడు ప్రేమ్‌చంద్. 1921 ఫిబ్రవరిలో గోరఖ్‌పూర్‌లో ప్రభుత్వోద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. అప్పటికి ఆయనకు నలభై ఒకటో ఏడు నడుస్తున్నది. ఆ తర్వాత ఆయన బతుకు తీరిక బతుకు కాదు. అచ్చాఫీసు పెట్టి అప్పులపాలయ్యాడు, పత్రికలు నడిపి నష్టపోయాడు, 1934లో బొంబాయి సినిమా కంపెనీకి వెళ్ళి ఏడాది తిరక్కముందే విసిగి వచ్చాడు. 'గోదాన్' వచ్చింది 1936లో. అదే ఏడు ఏప్రిల్‌లో లక్నోలో అభ్యుదయ రచయితల తొలి మహాసభకు అధ్యక్షత వహించాడు, అక్టోబరులో కన్నుమూశాడు. ఉద్యోగం మానడం వల్ల ఆయనకు దొరికింది ఖాళీ సమయం కాదు. సర్కారు జీతగాడి భయం పోయింది, అంతే. నవలకు ఆ రెండిట్లో ఏది ఎక్కువ అవసరమో విరమణ ఆలోచనలో ఉన్నవాళ్ళం ముందుగా తేల్చుకోవాలి.

తెలుగు దేశంలో రాజ్యం రచయితకు ఇచ్చిన తీరిక రెండు రకాలు. ఒకటి పింఛను, రెండోది జైలు. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'ని 1922లో జైల్లో రాశాడు. ఆ పుస్తకాన్ని తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది. తెలంగాణ నవలకు పునాది వేసిన వట్టికోట ఆళ్వారుస్వామి కూడా ఆ రెండో తీరికనే ఎక్కువగా అనుభవించాడు. ఆయన సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

ఆళ్వారుస్వామి 1915లో నకిరేకల్ ప్రాంతంలో పుట్టాడు. చిన్ననాడే తండ్రి పోయాడు. ఒకరింట్లో వంట చేసిపెట్టి, వాళ్ళ పుస్తకాలు చూసి చదువు నేర్చుకున్నాడు. హోటల్లో పనిచేశాడు, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చువేసిన పుస్తకాల్ని మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. ఆంధ్రమహాసభ, కమ్యూనిస్టు పార్టీ, నిజామాబాదు జైలు. ఇందులో ఎక్కడా "ఖాళీ" అని రాసుకోగలిగిన గడి లేదు. అయినా 1955లో 'ప్రజల మనిషి' వచ్చింది. దిమ్మెగూడెం అనే ఊరు, దేశ్‌ముఖు దౌర్జన్యం, కంఠీరవం అనే కార్యకర్త. శిల్పం దృష్టితో చూస్తే దానిలో లోపాలు ఎత్తి చూపడం కష్టం కాదు. కొన్ని చోట్ల పాత్ర మాట్లాడటం మానేసి సభలో ప్రసంగం మొదలుపెడుతుంది. కాని వెట్టి చేసేవాడు దొర గడి ముందు నిలబడే తీరు, భూమి కాగితం చేతులు మారే పద్ధతి, మతం మార్పిడి రాజకీయం, గ్రంథాలయం పేరు వింటేనే అమీనుకు పుట్టే అనుమానం ఇవన్నీ పక్కన నిలబడి చూసినవాడి రాత. పదేళ్ళు ఆగి రాసి ఉంటే ప్రసంగాలు తగ్గేవేమో. ఆ ఊరి వాసన కూడా తగ్గేది.

అయితే పదేళ్ళు ఆగడానికి ఆయనకు వీలే లేదు. దాని తర్వాతి కాలాన్ని తీసుకుని 'గంగు' మొదలుపెట్టాడు. అది పూర్తికాకుండానే 1961 ఫిబ్రవరిలో చనిపోయాడు. నలభై అయిదేళ్ళు. ఆ అసంపూర్ణ నవల 1965లో అచ్చయింది. విరమణ వయసును లెక్కగా పెట్టుకుని నవల రాద్దామనుకునే ప్రతివాడూ ఈ తేదీల్ని ఒకసారి పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. సర్కారు లెక్క ప్రకారం అయితే ఆళ్వారుస్వామికి ఇంకా పదేళ్ళ సర్వీసు ఉంది!

ఇప్పుడు మన పక్క ఊరి కథ. పరకాల, వంగర రెండూ ఇవాళ ఒకే హనుమకొండ జిల్లాలో ఉన్నాయి. వంగర పాములపర్తి వెంకట నరసింహారావు పెరిగిన ఊరు. ఆయన రాజకీయాల మీద నా అభిప్రాయం ఈ పత్రిక పాఠకులు ఊహించుకోగలరు. 1991 తర్వాత ఈ దేశపు రైతూ నేతకారుడూ ఏమయ్యారో, 1992 డిసెంబరులో అయోధ్యలో ఏం జరిగిందో చెప్పకుండా ఆయన పేరు ఎత్తడం సాధ్యం కాదు. కాని నా విషయం వేరు. ఉద్యోగం ముగించుకుని నవల రాయాలన్న కోరికను అర్ధశతాబ్దం పాటు మోసిన మనిషి తెలుగువాళ్ళలో ఆయనకంటే పెద్ద ఉదాహరణ లేడు.

1921లో లక్నేపల్లిలో పుట్టి వంగరకు దత్తత వెళ్ళాడు. భూస్వామి కుటుంబం. 1938లో వందేమాతరం ఉద్యమంలో చదువు పోగొట్టుకుని నాగపూరు వెళ్ళాడు. 1947-48లో చాందా సరిహద్దు శిబిరంలో పనిచేశాడు. పోలీసు చర్య తర్వాత వరంగల్లులో పాములపర్తి సదాశివరావుతో కలిసి కాకతీయ పత్రిక నడిపాడు. అందులో 1949లో 'విజయ' అన్న పేరుతో 'గొల్ల రామవ్వ' కథ వచ్చింది. రాత్రిపూట పోలీసుల నుంచి తప్పించుకుని వచ్చిన ఒక యువకుడు ఒక ముసలి గొల్లామె గుడిసెలో దూరుతాడు. ఆమె భయపడుతుంది, తర్వాత తేరుకుంటుంది. తెల్లవారి పోలీసులు వచ్చినప్పుడు అతణ్ణి తన మనవరాలి పెనిమిటి అని నమ్మించి కాపాడుతుంది. కథ అంతే. కాని రామవ్వ మాట, ఆమె గడప, ఆమె గొంగడి, పోలీసు బూటు చప్పుడు అన్నీ నిన్నమొన్నటివి. రచయితకు ఇరవై ఎనిమిదేళ్ళు. సంఘటనలకు ఒకటి రెండేళ్ళు. గాయం మీద ఇంకా పొక్కు కట్టలేదు.

ఈ కథ రాసినవాడు నవలాకారుడు కావలసినవాడని నేను గట్టిగా నమ్ముతాను. కాలేదు. 1957లో మంథని నుంచి శాసనసభకు వెళ్ళాడు, 1962లో మంత్రి అయ్యాడు. ఆ మంత్రిపదవి కాలంలోనే 'వేయిపడగలు'ను హిందీలోకి తెచ్చాడు. 'సహస్రఫణ్' 1968లో వచ్చింది. హరి నారాయణ్ ఆప్టే మరాఠీ నవలను 'అబల జీవితం'గా తెలుగు చేశాడు. అంత పని ఒత్తిడిలో వెయ్యి పేజీల అనువాదానికి సమయం దొరికినవాడికి సొంత నవలకు ఎందుకు దొరకలేదు? ఈ ప్రశ్న మీద నేను చాలా రోజులు ఆలోచించాను. అనువాదాన్ని ముక్కలు ముక్కలుగా చేయవచ్చు. రైల్లో రెండు పేజీలు, అతిథిగృహంలో మూడు పేజీలు. ఇంటి కప్పు, దూలాలు మరొకడు నిలబెట్టి ఉంచాడు, మనం గోడలు పూస్తాం. సొంత నవలలో దూలాలు మన తల మీద ఉంటాయి. వాటిని దించి మంత్రివర్గ సమావేశానికి వెళ్ళి, తిరిగి వచ్చి ఎత్తుకోవడం కష్టం. కాని ఇదొక్కటే కారణమని సరిపెట్టుకుంటే కాలాన్ని నిందించి తప్పించుకున్నట్టవుతుంది. రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. సొంత నవల రాయాలంటే తాను కూర్చున్న కుర్చీ గురించి రాయాలి. కుర్చీలో కూర్చుని ఉండగా అది సాధ్యం కాదు. అనువాదకుడికి ఆ ఇబ్బంది లేదు.

1971 సెప్టెంబరు 30న ముఖ్యమంత్రి అయ్యాడు. భూపరిమితి చట్టం ప్రయత్నం, ముల్కీ తగవు, జై ఆంధ్ర ఉద్యమం, 1973 జనవరిలో పదవి పోవడం. తర్వాత ఢిల్లీ. 1984 ఎన్నికల్లో హనుమకొండలో ఓడిపోయాడు. ఓడించినవాడు మా పరకాల నుంచి 1967లో శాసనసభకు వెళ్ళిన చందుపట్ల జంగారెడ్డి. ఆ ఓటమి ఆయన్ను ఇంటికి పంపి ఉంటే నవల పదిహేనేళ్ళు ముందే వచ్చి ఉండేదని మా ఊళ్ళో సాహిత్య మిత్రులు కొందరు హాస్యానికి అంటుంటారు. రామ్‌టెక్‌లో కూడా నిలబడ్డాడు గనుక అది జరగలేదు. 1991 ఎన్నికల్లో పోటీయే చెయ్యలేదు. గుండెకు శస్త్రచికిత్స అయి ఉంది. ఢిల్లీ ఇంట్లోని పుస్తకాలు పెట్టెల్లో సర్ది హైదరాబాదుకు పంపించాడని ఆయన జీవితచరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. అంటే విరమణ దాదాపు జరిగిపోయింది. మే 21న రాజీవ్‌గాంధీ హత్య, జూన్ 21న ప్రధానమంత్రిగా ప్రమాణం. పెట్టెలు ఒకచోట, మనిషి ఒకచోట.

ఆ నవల చివరకు 1998లో వచ్చింది. 'ఇన్‌సైడర్'. ఏడువందల పైచిలుకు పేజీలు, ఇంగ్లీషులో. కల్లూరి భాస్కరం దాన్ని 'లోపలి మనిషి'గా తెలుగు చేశాడు. అఫ్రోజాబాద్ అనే లేని రాజ్యం, ఆనంద్ అనే నాయకుడు. మొదటి అధ్యాయాల్లో సంస్థానపు పల్లె ఉంది, అక్కడ రచయిత చెయ్యి ఇంకా ఆడుతుంది. ముందుకు పోయేకొద్దీ ముఖ్యమంత్రులు, వాళ్ళ ముఠాలు, పదవుల కోసం ఎత్తులు, భూసంస్కరణల చుట్టూ కుట్రలు. అధికారం లోపలి నుంచి ఎలా కుళ్ళుతుందో తెలుసుకోవాలనుకునేవాడికి అది విలువైన పత్రమే, కాదనను. కాని 1949 కథ పక్కన పెట్టి చదివితే నష్టం కళ్ళకు కడుతుంది. రామవ్వ ఆ నవలలో మధ్యలో నిలబడదు. ఆమె జనం అయిపోయింది, ఓటరు అయిపోయింది. ఆమె మాట ఏ భాషలో ఉందో ఆ భాషే పక్కకు పోయింది. ముసలామె గడపలో మొదలైన రచయిత యాభై ఏళ్ళ తర్వాత ముఖ్యమంత్రి గది గడపలో తేలాడు. అంతకంటే ముఖ్యమైన విషయం, కథ 1970ల మొదట్లో ఆగిపోతుంది. ప్రధానిగా తానున్న అయిదేళ్ళు నవలలోకి రాలేదు. అయోధ్య మీద రాసింది నవల కాదు, తన వాదన. అదీ ఆయన 2004 డిసెంబరులో చనిపోయాక 2006లో అచ్చయింది. పదవి పోయిన తర్వాతి కాలం కూడా తీరికగా గడవలేదు. కోర్టులు, 2000లో శిక్ష, 2002లో హైకోర్టు కొట్టివేత. విరమణ వేతనం ఉన్నా విరమణ లేదు.

భూస్వామి ఇంటి దత్తపుత్రుడు, దేశాన్ని ఏలినవాడు కాబట్టి ఆ ఉదాహరణ మనకు వర్తించదనవచ్చు. సామాన్య ఉద్యోగుల్ని చూద్దాం. దాశరథి రంగాచార్య చిన్నగూడూరులో పుట్టి, సాయుధపోరాటంలో పాల్గొని, తర్వాత సికింద్రాబాదు మున్సిపల్ కార్యాలయంలో ఏళ్ళతరబడి పనిచేశాడు. ఆళ్వారుస్వామి ఎక్కడ ఆగాడో అక్కడినుంచి తెలంగాణ కథను ముందుకు తీసుకుపోవాలన్నది ఆయన సంకల్పం. 'చిల్లర దేవుళ్ళు' 1969లో, తర్వాత 'మోదుగుపూలు', 'జనపదం'. ఇవన్నీ ఉద్యోగంలో ఉండగా రాసినవే. పగలు మున్సిపల్ ఫైళ్ళు, రాత్రి గడీలు. విరమణ తర్వాత ఆయన చేసిన మహాకార్యం వేదాల తెలుగు అనువాదం. ఆ శ్రమను తక్కువ చెయ్యను. కాని మనం గుర్తించవలసిన వాస్తవం ఒకటుంది. దొర గడి మీద కోపం ఉద్యోగపు రోజుల్లో రాసింది, తీరిక దొరికినప్పుడు కలం వేరే దిక్కు వెళ్ళింది.

కాళీపట్నం రామారావుది మరో రకం. విశాఖపట్నంలో లెక్కల మాస్టరుగా మూడు దశాబ్దాలు పనిచేసి 1979లో విరమించాడు. 'యజ్ఞం' లాంటి కథలు ఉద్యోగ కాలానివి. 1970ల తర్వాత ఆయన కథ దాదాపు ఆగిపోయింది. తీరిక అంతా ఇతరుల కథల్ని పోగుచెయ్యడానికి పెట్టాడు. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం వెలసింది. దానికి మనమంతా రుణపడి ఉన్నాం. నవలను వాయిదా వేసుకునే మిత్రులు మాత్రం కారా మాస్టారి లెక్కను కూడా చూసుకోవాలి. కొడవటిగంటి కుటుంబరావుకు ఆ లెక్కే లేదు. 1952 నుంచి చందమామ బల్ల దగ్గర ఉండి 1980లో అక్కడినుంచే వెళ్ళిపోయాడు. రావిశాస్త్రి ప్లీడరు. వకీలుకు విరమణ వయసు లేదు, అయినా 'రాజు-మహిషి', 'రత్తాలు-రాంబాబు' రెండూ అసంపూర్ణంగానే మిగిలాయి. ఇంకో సంగతి, కోర్టు ఆయన సమయాన్ని తిన్నమాట నిజమే గాని సారా కేసుల్లో ఇరుక్కున్న ఆడవాళ్ళని ఆయనకు చూపించిందీ ఆ కోర్టే. ఉద్యోగం రచనకు శత్రువు అన్న మన మధ్యతరగతి ఫిర్యాదులో సగమే సత్యం.

పూర్తికాలం రచయితలు తెలుగులో లేకపోలేదు. 1970, 80ల్లో వారపత్రికల సీరియళ్ళు కొందరిని పోషించాయి. యండమూరి వీరేంద్రనాథ్ బ్యాంకు ఉద్యోగం వదిలి రాతనే వృత్తి చేసుకున్నాడు. ఆ నవలల మీద మన పత్రికలు రాసింది చాలు. వారం వారం మలుపు కావాలని అడిగే యజమాని ఆఫీసులో హెడ్‌గుమాస్తా కంటే దయగలవాడు కాడన్నది మాత్రం నిజం. వాళ్ళకు ఎదురుగా రంగనాయకమ్మ ఉంది. తన పుస్తకాల్ని తానే తక్కువ ధరకు అచ్చువేసి అమ్ముకుంటూ, పాఠకుల మీదే ఆధారపడింది. ఆడవాళ్ళ ప్రస్తావన వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మనం ఇంట్లో బల్ల ముందు కూర్చుని విరమణ ఫలాన్ని అనుభవించేటప్పుడు టీ పెట్టేది ఎవరు? ఆమె ఏ తేదీన విరమిస్తుంది? ఇంటిపనికి ఆఖరు తేదీ లేదు గనుక, "విరమణ తర్వాత నవల" అనేది మగ రచయితల పదబంధంగానే ఇంతకాలం చెలామణి అయింది.

తెలంగాణ చరిత్రను నవలగా రాసి, పూర్తికాలం రచయితగా నిలబడిన మనిషి మన జిల్లాలోనే ఉన్నాడు. వావిలాలలో పుట్టిన అంపశయ్య నవీన్. 'అంపశయ్య' 1969లో వచ్చింది, ఉస్మానియా హాస్టలు విద్యార్థి ఒక్క రోజు చైతన్యం. అది యౌవనపు రాత. కళాశాలల్లో అర్థశాస్త్రం చెప్పిన ఉద్యోగ జీవితం చివరి అంచునా, దాని తర్వాతా ఆయన 1940ల నడుమ నుంచి అర్ధశతాబ్దపు తెలంగాణ జీవితాన్ని మూడు నవలలుగా కూర్చాడు. 'కాలరేఖలు'కు 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. నా వాదనకు ఇది ఎదురు ఉదాహరణ కదా అంటే, అవును. కాని ఆయన ఆ మధ్య ముప్పై ఏళ్ళూ నవలలు రాస్తూనే ఉన్నాడు. చెయ్యి ఆడుతూనే ఉంది. అరవయ్యో ఏట మొదటి అధ్యాయం మొదలుపెట్టలేదు.

ఇక పింఛను సంగతి. పాత పద్ధతిలో ముప్పై మూడేళ్ళ సర్వీసుకు ఆఖరి మూలవేతనంలో సగం. ఇరవై ఏళ్ళు నిండితే స్వచ్ఛందంగా కూడా పోవచ్చు. గత అర్ధశతాబ్దంలో తెలుగు నవలకు, విమర్శకు, ఈ పత్రికల చందాలకు కూడా నిజమైన పోషకుడు ఈ సగం జీతమే. రాజులూ జమీందారులూ కాదు. దాని తేదీని కూడా మనం నిర్ణయించలేదు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించినప్పుడు వేలమంది ఒక్క నెలాఖరుకు ఇంటికి వెళ్ళారు. మరుసటి ఏడాదే మళ్ళీ 58. తెలంగాణలో 2021లో అది 61 అయింది. మూడేళ్ళ జీతం ఎవరికి చేదు? నాకూ చేదుకాలేదు. 2004 సెప్టెంబరు నుంచి కొత్తగా చేరినవాళ్ళకు ఆ పాత పింఛనే లేదు. వాళ్ళ జీతంలో కోసిన డబ్బు మార్కెట్టులో తిరిగి ఎంత అయితే అంత. ఇక కాంట్రాక్టు లెక్చరర్లు, ప్రైవేటు కాలేజీల్లో నెలనెలా లెక్కపెట్టుకునేవాళ్ళు సరేసరి. మా స్టాఫ్‌రూంలో నా తర్వాతి తరం కుర్రవాళ్ళు కథలు రాస్తున్నారు, మంచి కథలు. వాళ్ళతో "రిటైరయ్యాక నవల రాయండయ్యా" అని నేను ఏ మొహం పెట్టుకుని అనగలను? నా తరానికి మాత్రమే చెల్లే నాణెం అది.

నా వయసు పరిమితిలో ఈ మార్పు వచ్చింది కాబట్టి పరకాల విషయంలో దాని లెక్క చెబుతాను. 58 ప్రకారం అయితే నేనిప్పటికే ఇంట్లో ఉండేవాణ్ణి. మూడేళ్ళు పెరిగాయి. 1947 సెప్టెంబరు 2న పదిహేనేళ్ళున్న పిల్లవాడికి ఇవాళ తొంభై దాటాయి. ఆ రోజు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం వచ్చారు, పోలీసులు కాల్చారు, ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇంతవరకు అందరికీ తెలుసు. నా మూడేళ్ళ జీతం పెరిగినప్పుడు, నేను కూర్చుని వినవలసిన మనుషుల సంఖ్య అదే వేగంతో తగ్గింది. సాక్షికి విరమణ వయసు పెంచే జీవో ఎవరూ ఇవ్వరు.

ఈ సంఘటనకు 'దక్షిణాది జలియన్‌వాలాబాగ్' అని పేరు పెట్టారు. 2003లో అమరధామం కట్టారు. ఏటా సెప్టెంబరులో సభలు జరుగుతాయి. సెప్టెంబరు 17ను విమోచన అనాలా, విలీనం అనాలా, విద్రోహం అనాలా అని మైకులు తగవు పడతాయి. ఆ మూడు మాటల మధ్య తేడా చిన్నది కాదు, ప్రతి మాట వెనకా ఒక రాజకీయం ఉంది. కాని ఆ పోలికా, ఆ తగవూ రెండూ మా ఊరి చచ్చిపోయినవాళ్ళ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగనక్కరలేకుండా చేశాయి. అమృత్‌సర్‌తో పోల్చగానే అంతా తెలిసిపోయినట్టుంటుంది. నవల మొదలయ్యేది ఆ తెలిసిపోయిన చోటు కింద. జెండా గుడ్డ ఎవరి ఇంట్లోది, కుట్టింది ఎవరు. ఏ ఊరివాళ్ళు ఏ బాటన వచ్చారు, పొద్దున్నే ఏం తిని బయలుదేరారు. శ్రావణం నాట్లు అయిపోయి కలుపుతీసే రోజులు, కూలి మానుకుని వచ్చినవాళ్ళెందరు, దొర పొలం వదిలి వచ్చినందుకు తర్వాత వాళ్ళకేమయింది. కాల్పుల తర్వాత శవాన్ని ఇంటికి తీసుకుపోయిన బండి ఎవరిది. వితంతువులు ఆ యేడు ఎక్కడ పనిచేశారు. ఆ ఊళ్ళలోంచే తర్వాత సాయుధపోరాటంలోకి ఎవరు వెళ్ళారు, కాంగ్రెసులోకి ఎవరు వెళ్ళారు, ఇద్దరి పొలాలూ 1950 తర్వాత ఎవరి పేర్న ఉన్నాయి.

వీటికి ఏడువందల పేజీల ప్రశాంతత అక్కరలేదు. ఆదివారాలు చాలు, సైకిలో బండో ఉంటే చాలు, ఆళ్వారుస్వామి పుస్తకాల మూట మోసినంత ఓపిక ఉంటే ఇంకా మంచిది. స్వచ్ఛంద విరమణకు నాకు అర్హత ఉంది. కాగితం పెట్టనా వద్దా అని ఇంట్లోనూ మిత్రుల్లోనూ చర్చ నడుస్తున్నది, అది నడుస్తుంది. నవల శిల్పం గురించి, దాన్ని ఎవరి కంఠంతో చెప్పాలన్నదాని గురించి తర్వాత కొట్లాడుకోవచ్చు. ఈ లోపల పరకాల చుట్టూ ఉన్న ఊళ్ళలో మన సంఘ మిత్రులెవరైనా ఎనభై అయిదు దాటిన వాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళ మాటను వాళ్ళ యాసలోనే, దిద్దకుండా రాసి పెడితే, అది నా నవలకే కానక్కరలేదు, ఎవరి నవలకైనా పనికివస్తుంది. నేను నా కాలేజీ పిల్లల్లో నలుగురిని వాళ్ళ వాళ్ళ ఊళ్ళకు ఈ పని మీద పంపించాను. ఇద్దరు నోటుపుస్తకాలు నింపుకుని వచ్చారు. ఒకడు వాళ్ళ ముత్తవ్వ చెప్పిన మాటల్ని శుద్ధ గ్రాంథికంలోకి మార్చి తెచ్చాడు, వాణ్ణి మళ్ళీ పంపించాను.